సామ్రాజ్యం వంతు

సోమవారం పొద్దున సామ్రాజ్యం మనసులో వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పార్సిలు వస్తుంది. తను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. గిద్యోను ఆ మిషను తీసి ఆమె కుడి చెంపకు ఐదు నిమిషాలు పెడతాడు. ఆ తర్వాత ఒకే ఒక్క ఇడ్లీ, ఎవరూ పలకరించకుండా, నిదానంగా నమిలి తింటుంది. ఎనిమిది నెలలుగా ఆమె ఇడ్లీని పాలలో పిసికి, గ్లాసులో పోసుకుని తాగుతోంది.

ఆమె చెంపలో ఒక నరం తిరగబడింది. గాలి తగిలినా, పళ్ళు తోముకున్నా, మాట్లాడినా, ఖర్మకాలి నవ్వినా, చెవి దగ్గర నుంచి దవడ దాకా కరెంటు కొట్టినట్టు కొడుతుంది. మొదట అది పంటి నొప్పి అనుకున్నారు. అనుకున్నది గిద్యోను, పీకించుకున్నది సామ్రాజ్యం. రెండు పళ్ళు పోయాయి గాని నొప్పి ఎక్కడికీ పోలేదు. మూడో పన్ను దగ్గర పళ్ళ డాక్టరే చేతులెత్తేసి, ఇది పన్ను కాదు, నరం అని చెప్పి ఇంకో డాక్టరు దగ్గరకు పంపాడు. ఆయన మాత్రలు రాసిచ్చి, గుంటూరులో నరాల డాక్టరుకు చూపించమన్నాడు. మాత్ర వేసుకుంటే కొంచెం నెమ్మదించేది. పూర్తిగా పోయేది కాదు.

మాట్లాడితే నొప్పి కాబట్టి సామ్రాజ్యం మాట్లాడటం మానేసి పలక మీద రాయడం మొదలుపెట్టింది. మార్కాపురంలో పలకలకు కరువు లేదు. భర్త పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు కాబట్టి వాళ్ళింట్లో అసలే లేదు. అంచు విరిగినవి, చట్రం వంకరపోయినవి మంచం కింద దొంతరలుగా ఉంటాయి. చిక్కల్లా ఒక్కటే. కళ్ళజోడు లేకపోతే గిద్యోనుకు పలక మీది అక్షరం కనపడదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో వెతుక్కుందామంటే, కళ్ళజోడు లేకుండా అదీ కనపడదు.

అన్నిటికన్నా ఆమెకు కష్టంగా ఉన్నది ఆదివారాలు. సంఘంలో ఆడవాళ్ళ పాటకు మొదటి గొంతు ఎప్పుడూ ఆమెదే. ఇప్పుడు చాప మీద కూర్చుని, చెంపకు కొంగు అడ్డం పెట్టుకుని, పక్కవాళ్ళు రాగం తప్పుతుంటే వింటోంది. రెండు పళ్ళు పోయినందుకు ఏడవలేదు గాని దీనికి మాత్రం ఏడ్చింది.

ఇక గిద్యోను సంగతి. ముప్ఫై ఏళ్ళుగా పలకను గోటితో కొట్టి, మోగిన తీరును బట్టి అది మంచిదో, లోపల పగులుందో చెప్పే మనిషి. శబ్దాన్ని నమ్మినంతగా అతను డాక్టర్లను నమ్మడు. అలాంటివాడికి ఫోనులో ఒక వీడియో కనపడింది. ఇంట్లోనే వాడుకునే అల్ట్రాసౌండు మిషనట. శబ్దంతోనే నొప్పులు పోతాయట. ఇక ఇరవై రోజులు అతను మూడు రకాల మిషన్లను పోల్చి చూశాడు. ఆ ఇరవై రోజుల్లో గుంటూరుకు ఇరవైసార్లు వెళ్ళి రావచ్చు.

గుంటూరులో నర్సుగా పనిచేస్తున్న కూతురు బ్లెస్సీ ఫోన్లో మొత్తుకుంది.

"నాయనా, ఆ మిషన్లు మోకాళ్ళకు, నడుములకు పెడతారు. మొగం నరానికి పనిచేస్తాదని నీకెవరు చెప్పినారు?"

"రివ్యూలు అన్నీ సదివినా బ్లెస్సీ. నాలుగున్నర స్టార్లు ఇచ్చినారు."

"ఎవరి చెంపకు పెట్టుకొని ఇచ్చినారు?"

"అయన్నీ రాయరు గదమ్మా."

"ఇట్ల కాదు గాని, వచ్చే సోమవారం పది గంటలకు మా డాక్టరు దగ్గర అమ్మకు చీటీ రాయించినా. అది తప్పితే మళ్ళా రెండు నెలల దాకా దొరకదు. ఏం చేస్తావో నీ ఇష్టం."

చివరకు ఒప్పందం కుదిరింది. వారం రోజులు మిషను పెట్టి చూస్తారు. ఆదివారానికి తగ్గకపోతే సోమవారం తెల్లవారుజామున గుంటూరు రైలు ఎక్కుతారు. సామ్రాజ్యం సరేనని తల ఊపింది. అప్పుడు గిద్యోను మాత్రల అట్ట తీసి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఈ వారం ఇయి ఆపుదాం. రెండూ కలిపితే దేంతో తగ్గిందో ఎట్ల తెలుస్తాది?"

ఆమె గబగబా పలక మీద రాసింది. 'దేంతో తగ్గినా సరే. తగ్గితే చాలు.'

గిద్యోను పలకను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, మెచ్చుకోలుగా తల ఊపాడు. "నువ్వన్నా అర్థం చేసుకున్నావులే," అన్నాడు.

వీధిలో ఎవరి పార్సిలైనా మూలమీదున్న అనీస్ సెల్లు దుకాణానికే వస్తుంది. ఆ సోమవారం గిద్యోను పది గంటలకు అక్కడికి వెళ్ళేసరికి అట్టపెట్టె విప్పి ఉంది. అనీస్ తల్లి బాషాబీ కాలు స్టూలు మీదికి చాపుకుని, మిషను మోకాలి మీద తిప్పుకుంటోంది.

"ఏమనుకోవద్దు గిద్యోనన్నా. పాడయిపోయిన మాలు వస్తే నువ్వు మోసపోతావని నేనే ఒకసారి చూసినా."

నిజానికి ఇక్కడ కోపం రావాలి. గిద్యోనుకు రాలేదు. "ఎట్లుంది బాషాబీ?" అని ఆత్రంగా అడిగాడు.

"యా అల్లా! ఎచ్చగా ఎంత హాయిగా ఉందనుకున్నావు! ఆరేండ్ల నొప్పి అన్నా, ఇట్ల లాగేసినట్టు పోయింది."

గిద్యోను మిషను చేతిలోకి తీసుకుని అలవాటు ప్రకారం గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఏందిది, మోగలేదే?"

"మనకు ఇనపడని శబ్దం మామా అది," అన్నాడు అనీస్.

వినపడని శబ్దమనేసరికి గిద్యోనుకు దాని మీద భక్తి కుదిరింది.

ఇంటి దగ్గర సామ్రాజ్యం కుర్చీలో సిద్ధంగా కూర్చుని ఉంది. గిద్యోను బాషాబీ మోకాలి సంగతి చెబుతూ మిషనును తెచ్చి బల్ల మీద పెట్టి, దాని మీద శుభ్రమైన తువ్వాలు కప్పాడు. ఆమె తువ్వాలు వైపు, అతని వైపు మార్చి మార్చి చూసింది.

"అయ్యగారు ప్రార్థన చెయ్యకుండా కొత్త వస్తువు ఎట్ల వాడతామే?" అన్నాడు.

అదీ నిజమే. ఆ ఇంట్లో మోటారు సైకిలు గాని, మిక్సీ గాని, బోరు మోటారు గాని సంఘం పాస్టరు యోసేపు అయ్యగారు వచ్చి ప్రార్థన చేసిన తర్వాతే నడిచాయి. కానీ యోసేపు అయ్యగారు గిద్దలూరులో సభలకు వెళ్ళాడు. బుధవారం గాని రాడు. సామ్రాజ్యం రాసింది, 'బాషాబీ మోకాలికి ఏ అయ్యగారు ప్రార్థన చేసినాడు?'

"ఆ, ఆ, బుధవారమే," అన్నాడు గిద్యోను.

బుధవారం అయ్యగారు వచ్చాడు. ప్రార్థన కూడిక అంటే ఊరికే ఉండదు. టీ, మిక్చరు ఉంటాయి కాబట్టి పాతికమంది వచ్చారు. బాషాబీ కూడా వచ్చి గడప దగ్గర కూర్చుంది. మిషను మీద చెయ్యి ఉంచి యోసేపు అయ్యగారు కళ్ళు మూసుకున్నాడు. గిద్దలూరులో మూడు రోజులు మైకులో మాట్లాడి వచ్చిన గొంతు, తేలిగ్గా ఆగే స్థితిలో లేదు.

"ప్రభువా, ఈ యంత్రము ద్వారా ఈ వీధిలోని బలహీనులందరిని బలపరచుము. మోకాళ్ళ నొప్పులవారిని, నడుము నొప్పులవారిని, భుజముల నొప్పులవారిని, ఒక్కరిని కూడా విడువక ముట్టుము తండ్రీ!"

పాతికమంది ఒక్క గొంతుతో ఆమేన్ అన్నారు. అయ్యగారు ఒక కన్ను తెరిచి చూసి, "సహోదరి సామ్రాజ్యమును కూడా," అని చేర్చాడు.

ఆమేన్ అయిన మరుక్షణం అయ్యగారే ఎడమ భుజం ముందుకు జరిపాడు. "గిద్దలూరు నుంచి బండి తోలుకుంటా వచ్చినా బ్రదర్. పట్టేసినట్టుంది." ఆయనకు కాదని ఎవరంటారు? ఆయన తర్వాత ఫ్యాక్టరీలో రాయి చీల్చే నాగయ్య చొక్కా ఎత్తి నడుము చూపించాడు.

"నాకు కూడా ఓ రెండు నిమిషాలన్నా. అయ్యగారు ప్రార్థనలో నడుము అని చెప్పినాడు గదా."

సామ్రాజ్యానికి ఒళ్ళు మండిపోయింది. "ఏమయ్యా, ముందు నా..." అని నోరు తెరిచిందో లేదో చెంపలో కరెంటు కొట్టింది. మాట అక్కడే ఆగిపోయి, కళ్ళలో నుంచి నీళ్ళు బొటబొటా కారాయి.

"సూడండి, అందరి నొప్పులు పోతన్నాయని సామ్రాజ్యమక్క ఎట్ల సంతోషపడతా ఉందో!" అన్నారు ఎవరో. మళ్ళీ అందరూ ఆమేన్ అన్నారు.

గురువారానికి వరండా నిండిపోయింది. ఎవరు ముందు వచ్చారనే దాని మీద గొడవలు మొదలవడంతో, పద్ధతి మనిషైన గిద్యోను మంచం కింది పలకలు లాగి, వాటి మీద నంబర్లు వేసి వచ్చినవాళ్ళ చేతికి ఇచ్చాడు. ఎవరి పలక నంబరు పిలిస్తే వాళ్ళు వచ్చి కుర్చీలో కూర్చోవాలి. సామ్రాజ్యం చేతిలో కూడా ఒక పలక పెట్టాడు. దాని మీద పంతొమ్మిది అని ఉంది.

"ఇంటోళ్ళం మనమే ముందు కూసుంటే బాగుంటాదా సెప్పు? వచ్చినోళ్ళు అయిపోనీ," అని బుజ్జగించాడు.

వచ్చినవాళ్ళు అయిపోతే గదా! పద్దెనిమిది అయ్యేలోపు ఇంకో ఏడుగురు వచ్చారు. గిద్యోను ఆమె పలక తీసుకుని, ఉమ్మి తడితో పంతొమ్మిది చెరిపి ఇరవై ఆరు వేశాడు. సాయంత్రం రైలుకు కంభం నుంచి నాగయ్య బావమరది తన వాళ్ళను ముగ్గురిని వెంటబెట్టుకుని దిగాడు. ఊరుగాని ఊరి నుంచి వచ్చినవాళ్ళను కాచుకోబెట్టడం మర్యాద కాదు కాబట్టి ఇరవై ఆరు కూడా చెరిగిపోయింది. వీళ్ళందరికీ టీ పెట్టింది ఎవరనుకున్నారు? చెంపకు కొంగు అదిమి పట్టుకుని, ఒంటి చేత్తో సామ్రాజ్యమే పెట్టింది.

శుక్రవారం మిషనుతో వచ్చిన జెల్లు అయిపోయింది. అది లేకుండా తిప్పితే చర్మం మీద సరిగ్గా జారడం లేదని గిద్యోను ఆముదం సీసా తెచ్చాడు. ఆముదం రాసి ఒక్కొక్కరికి పది నిమిషాలు చొప్పున రుద్దుతుంటే వాళ్ళు కళ్ళు మూసుకుని మూలుగుతున్నారు. కొందరికి కునుకు పట్టి, లేపితే గాని లేవలేదు. ఒక్కొక్కరే లేచి, రెండడుగులు నడిచి చూసుకుని, పోయింది, పోయింది అంటున్నారు. అందరికీ పోతోంది. మాత్ర లేక నాలుగు రోజులైన సామ్రాజ్యానికి మాత్రం ఇప్పుడు మంచినీళ్ళు తాగినా కొడుతోంది.

సాయంత్రం బ్లెస్సీ ఫోన్ చేసింది. "అమ్మకు ఎట్లుంది నాయనా? మిషను పెట్టినాక ఏమన్నా తగ్గిందా?"

"మీ అమ్మకు ఇంకా పెట్టలేదు. వంతు రాలేదు."

"అయితే ఇంక పెట్టొద్దు. సోమవారం రైలు ఎక్కించుకొని రా."

"అదెట్ల కుదురుతాది? మిషను ఫెయిలైతే గదా గుంటూరు అనుకున్నాం. ఫెయిల్ కావాలంటే ముందు పెట్టాల గదా. పెట్టకుండానే ఫెయిల్ అంటే మిషనుకు అన్యాయం చేసినట్టు కాదా?"

బ్లెస్సీ ఫోను పెట్టేసింది. పక్కనే నిలబడి విన్న సామ్రాజ్యం పలక ఎత్తి అతని తల వైపు చూసి, ఎందుకో మనసు మార్చుకుని దించేసింది. మిషను పెట్టేదాకా రైలు లేదు. వంతు వచ్చేదాకా మిషను లేదు. ఇంటి మనిషి కాబట్టి వంతు రాదు. మధ్యలో మాత్రలు అతని జేబులో ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషితో పలక మీద ఏం రాసి వాదించాలో ఆమెకు తోచలేదు.

శనివారం మధ్యాహ్నం నలభై ఒకటో నంబరు పిలిచాడు గిద్యోను. చూసుకుంటే అది సామ్రాజ్యానిదే. వరండాలో వాళ్ళంతా గౌరవంగా జరిగి దారి ఇచ్చారు. ఆమె వచ్చి, కొంగు నడుముకు చుట్టుకుని, కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. గిద్యోను మిషను ఆన్ చేసి చెంప దగ్గరకు తెచ్చాడు.

నలభయ్యో నంబరు నాగయ్య. అతనికది మూడో విడత. ఇంటి దగ్గర నడుముకు తలనొప్పి బామ్ గట్టిగా పట్టించుకుని మరీ వచ్చాడు. ఆ బామ్ అంతా మిషను మూతికి అంటుకుని ఉంది. మిషను ఇంకా రెండు వేళ్ళ దూరంలో ఉండగానే ఆ ఘాటు, ఆ చల్లదనం చెంపకు తగిలాయి. సామ్రాజ్యం పెట్టిన కేకకు వీధి చివర అనీస్ దుకాణంలో బాషాబీ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. ఒళ్ళో పలక రెండు ముక్కలైంది.

అందరూ గిద్యోను వైపు చూశారు. అతను మిషను వైపు చూశాడు.

"తగలనే లేదు గదా! తగలకుండా ఫెయిల్ ఎట్ల అవుతాది?" అన్నాడు. సరిగ్గా అప్పుడే చంద్రశేఖరపురం నుంచి ఒక ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. అందులో నుంచి ఐదుగురు ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగారు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మేలు పొందినవాళ్ళు లేచి, జరిగింది పదిమందికీ చెప్పుకునే సమయమది. ఆ రోజు దానికి హద్దు లేకుండా పోయింది. ఒకరి మోకాలు, ఇంకొకరి మెడ, నాగయ్య నడుము. మందిరం వైపు ఎప్పుడూ రాని బాషాబీ కూడా కృతజ్ఞత ఆపుకోలేక వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ముందు వరసలో గిద్యోను, పెళ్ళికొడుకు తండ్రిలా కూర్చున్నాడు.

"ఇప్పుడు," అన్నాడు యోసేపు అయ్యగారు మైకులో, "ఏ సహోదరి బాధను బట్టి ఈ యంత్రము మన వీధికి వచ్చెనో, ఆ సామ్రాజ్యమ్మగారు సాక్ష్యము చెప్పును."

సామ్రాజ్యం లేచింది. ముందుకు నడిచి వెళ్ళి, కొంగు చాటు నుంచి పలక తీసి అయ్యగారి చేతికి ఇచ్చింది. చేతికి ఏదిచ్చినా మైకులో గట్టిగా చదవడం ఆయనకు అలవాటు.

"'నా వంతు ఇంకా రాలేదు,'" అని గంభీరంగా మొదలుపెట్టాడు. తర్వాతి వాక్యానికి వచ్చేసరికి గొంతు తగ్గింది. "'నా మాత్రలు ఆయన జేబులో ఉండాయి. రేపు తెల్లారుజామున రైలు. నన్ను పోనియ్యమని మీరన్నా చెప్పండి.'"

గిద్యోను కళ్ళజోడు కోసం జేబులు తడుముకున్నాడు గాని, ఇప్పుడు దాంతో పని లేదు. ఊరంతా విన్నది అతనూ విన్నాడు.

గుమ్మం దగ్గర నుంచి బాషాబీ గొంతు వినిపించింది. "యా అల్లా! అక్కకు పెట్టనే లేదా? నేను ఐదుసార్లు పెట్టించుకున్నా గదా! ఆయమ్మ ఇచ్చిన టీ కూడా తాగినా!"

అయ్యగారు తన ఎడమ భుజాన్ని కుడి చేత్తో మెల్లగా కప్పుకున్నాడు. ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. చివరకు నాగయ్య లేచి వచ్చి గిద్యోను ముందు చెయ్యి చాపాడు.

"తియ్యన్నా."

"ప్రయోగం పాడైతాది నాగయ్యా..."

"తియ్యి అంటన్నా గదా."

మాత్రల అట్ట జేబులో నుంచి బయటికొచ్చింది. అయ్యగారు తన బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు తెచ్చి స్వయంగా ఆమె చేతికిచ్చాడు. సామ్రాజ్యం మాత్ర నోట్లో వేసుకుని, చెంపకు తగలకుండా ఎడమ వైపు నుంచి నీళ్ళు పోసుకుని మింగింది. సంఘమంతా ఆమేన్ అంది. ఈ వారంలో ఆ మాట ఆమెకు పనికొచ్చింది ఇప్పుడే.

సోమవారం పది గంటలకు గుంటూరులో నరాల డాక్టరు ముందు సామ్రాజ్యం, బ్లెస్సీ కూర్చున్నారు. తువ్వాలులో చుట్టిన మిషనును చంకలో పెట్టుకుని గిద్యోను వెనక నిలబడ్డాడు. డాక్టరు అన్నీ అడిగి, మాత్ర సొంతంగా ఆపినందుకు గిద్యోనును నర్సుల ముందే గట్టిగా మందలించి, మోతాదు మార్చి రాశాడు. దీంతో చాలకపోతే వేరే మార్గాలు కూడా ఉన్నాయని సామ్రాజ్యానికి నిదానంగా చెప్పాడు. ఎనిమిది నెలల్లో ఆమె వైపు చూసి మాట్లాడిన మొదటి మనిషి ఆయనే అనిపించి ఆమెకు కళ్ళు చెమర్చాయి.

"ఆ మిషను ఏదీ, ఒకసారి ఇవ్వండి," అన్నాడు డాక్టరు. తిప్పి చూశాడు. మూతి మీద గోటితో గీరి, చిటికెన వేలంత వెడల్పున్న అంచు పట్టుకుని లాగాడు. పల్చటి ప్లాస్టిక్ స్టిక్కరు ఊడి వచ్చింది. "ఇది ప్యాకింగు స్టిక్కరు. తీసేసి వాడాలి. ఇది ఉంటే లోపలికి సరిగ్గా ఏమీ పోదు. ఎంతమందికి పెట్టారు?"

"నలభై ఆరు మందికి సార్," అన్నాడు గిద్యోను నీరసంగా.

"ఎంతమందికి తగ్గింది?"

"అందరికీ."

డాక్టరు ఆ స్టిక్కరును గిద్యోను చేతిలో పెట్టాడు. "ఆముదం రాసి పది నిమిషాలు రుద్దితే ఎవరికైనా హాయిగానే ఉంటుంది లెండి. డాక్టరును అడక్కుండా ఎవరికీ పెట్టకండి. ఈవిడ మొహం దగ్గరికి మాత్రం అసలు తేవద్దు. కంటికి దగ్గర. ఈవిడ వంతు రాకపోవడమే మంచిదైంది."

సామ్రాజ్యం భర్త వైపు తిరిగి చూసింది. ఏమీ రాయలేదు. పలక ఊళ్ళోనే వదిలేసి వచ్చింది.

మూడు వారాలకు నొప్పి చాలావరకు అణిగింది. ఒక సోమవారం పొద్దున ఆమె వరండాలో కుర్చీ వేసుకుని, ఒక ఇడ్లీ మొత్తం, కుడి వైపు కూడా నమిలి తింది. ఆ ముందు రోజు మందిరంలో పాట మొదటి వరుస తనే ఎత్తుకుంది. రెండో వరుస మిగతావాళ్ళకు వదిలేసింది. వాళ్ళు ఎప్పటిలాగే రాగం తప్పారు. ఈసారి ఆమె తిరిగి చూసి, వాళ్ళను నోటితోనే తిట్టింది.

స్టిక్కరు తీసేశాక మిషనులో మునుపటి గుణం లేదని బాషాబీతో సహా వీధి మొత్తం తేల్చేయడంతో, గిద్యోను ఆ స్టిక్కరు ఎక్కడ పెట్టాడో వెతుకుతున్నాడు, కళ్ళజోడు లేకుండా.